కమ్యూనిటీ కాలేజీ నుంచి క్లీన్‌రూమ్ దాకా: మైక్రోఎలక్ట్రానిక్స్ రీసెర్చ్, ఇంటర్న్‌షిప్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియా బే ఏరియాలో చిప్‌ల తయారీ పనిలో ఉన్నాను. ఫ్రీమాంట్, శానోజే వైపు కమ్యూనిటీ కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివే తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

మావాడికి పెద్ద యూనివర్సిటీలో సీటు రాలేదు, కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. ఇక రీసెర్చ్ సంగతి మర్చిపోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఈ మాట ప్రతి ఏడాదీ వింటాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లలో చాలామందికి వర్క్‌షాపులో చేతులు తిరిగి ఉంటాయి. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ కూడా అలాంటి దారే. రెండేళ్లు చదివి యూనివర్సిటీ మూడో ఏడాదికి ట్రాన్స్‌ఫర్ అవుతారు. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లే ఫీజు కాబట్టి, 60 యూనిట్లకు మొత్తం 2,760 డాలర్లు. అప్పులేకుండా సగం డిగ్రీ అయిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కేవలం కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల కోసమే పెట్టిన రీసెర్చ్ ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో యూనివర్సిటీ మూడో ఏడాది విద్యార్థులతో పోటీ ఉండదు. మావాడు ట్రాన్స్‌ఫర్ అయ్యాక చూసుకుందాంలే అని ఆగితే, ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకే నేను మళ్లీమళ్లీ చెప్పేది ఒకటే: యూనివర్సిటీకి వెళ్లేదాకా ఆగకండి, ఇప్పుడే ల్యాబ్‌లో అడుగు పెట్టండి.

చేత్తో చేసే రీసెర్చ్ అంటున్నారు. అసలు అక్కడ పిల్లలు ఏం చేస్తారు?

యూనివర్సిటీ క్లీన్‌రూముల్లో, అంటే గాలిలో దుమ్ము లేకుండా చూసే ల్యాబుల్లో, ఎక్కువగా నాలుగు అంగుళాల సిలికాన్ వేఫర్‌తో, అంటే చిప్‌లు తయారుచేసే గుండ్రని పలచని బిళ్లతో, మొదలవుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో అయితే పన్నెండు అంగుళాలది, అంటే 300 మిల్లీమీటర్లది వాడతారు. నాలుగు అంగుళాలదంటే మన అరచేతి వెడల్పు, అద్దంలా మెరుస్తుంది. ముందు దాన్ని శుభ్రం చేయాలి. ఇందుకు ఇప్పటికీ వాడేది 1960లలో ఆర్‌సీఏ కంపెనీలో వెర్నర్ కెర్న్ రూపొందించిన పద్ధతే. నీళ్లు, అమోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన వేడి ద్రావణంలో ఒకసారి, హైడ్రోక్లోరిక్ యాసిడ్, పెరాక్సైడ్ కలిపిన దాంట్లో ఇంకోసారి ముంచుతారు.

తర్వాత దాదాపు వెయ్యి డిగ్రీల ఫర్నేస్‌లో పెట్టి పైన ఆక్సైడ్ పొర పెంచుతారు. లోపలికి వెళ్లేటప్పుడు బూడిదరంగు అద్దంలా ఉన్న వేఫర్, బయటికి వచ్చేసరికి రంగు తేలి ఉంటుంది. వాన వెలిశాక రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనిపిస్తాయి కదా, అదే సూత్రం. పొర మందం వంద నానోమీటర్ల దగ్గర ముదురు ఊదా, నూట యాభై దగ్గర లేత నీలం, రెండు వందల దగ్గర లేత బంగారు రంగు. అనుభవమున్న టెక్నీషియన్ రంగు చూసి మందం ఎంతో సుమారుగా చెప్పేస్తాడు. ఆ తర్వాత మీటర్‌తో కొలుస్తారు.

ఆ మీదట ఫోటోరెసిస్ట్ అనే ద్రవం చుక్కలు వేసి, నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పి పలచగా పరుస్తారు. సర్క్యూట్ ఆకారాలు గీసి ఉన్న మాస్క్ అనే పలక పెట్టి అతినీలలోహిత కాంతి వేస్తారు, డెవలపర్‌లో కడుగుతారు. కాంతి తగిలిన చోట రెసిస్ట్ కరిగిపోయి కింద ఆక్సైడ్ బయటపడుతుంది. ఆ గది అంతా పసుపుపచ్చ వెలుగులో ఎందుకుంటుందంటే, మామూలు ట్యూబ్‌లైటులోని నీలి కాంతికే రెసిస్ట్ పాడైపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఎచింగ్. బయటపడ్డ ఆక్సైడ్‌ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తినేస్తుంది. మొత్తం పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? వేఫర్‌ని కడిగి పైకి తీసి చూడాలి. ఆక్సైడ్ ఇంకా మిగిలి ఉంటే నీళ్లు పలచని పొరలా అంటుకుని ఉంటాయి. పూర్తిగా పోయి వట్టి సిలికాన్ తేలితే, నీళ్లు తామరాకు మీద బొట్టులా ముత్యాలై జారిపోతాయి. పుస్తకంలో దీన్ని ఒక వాక్యంలో చదువుతారు. కానీ తన చేతిలోని వేఫర్ మీంచి నీళ్లు అలా జారిపోవడం మొదటిసారి చూసిన పిల్లల ముఖాలు నేను చూశాను. ఆ తర్వాత క్లాసులో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ పాఠం వాళ్లకు వేరేగా వినిపిస్తుంది.

చివర్లో ప్రోబ్ స్టేషన్ కింద పెట్టి, సన్నని సూదులు ఆనించి, కరెంటు, వోల్టేజీ గ్రాఫ్ తీస్తారు. అది పుస్తకంలో గీసినట్టు రాదు. ఎందుకు రాలేదో వెతకడమే రీసెర్చ్.

ఏ ప్రోగ్రాములకు అప్లై చేయాలి?

ఎన్‌ఎస్‌ఎఫ్, అంటే నేషనల్ సైన్స్ ఫౌండేషన్, నిధులిచ్చే ఆర్‌ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) ప్రోగ్రాములు ముందు చూడండి. వేసవిలో సుమారు పది వారాలు ఒక యూనివర్సిటీలో ఉండి, ప్రొఫెసర్ గ్రూపులో పనిచేస్తారు. స్టైపెండ్ ఇస్తారు, చాలా చోట్ల ఉండే ఏర్పాటూ వాళ్లదే. దేశంలో ఏ మూల ఉన్నా అప్లై చేయొచ్చు. సెమీకండక్టర్, నానో, మెటీరియల్స్, ఫోటానిక్స్ అనే మాటలతో వెతకండి.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకైతే యూసీ బర్కిలీలోని ట్రాన్స్‌ఫర్ టు ఎక్సలెన్స్ ప్రోగ్రాం పేరు గుర్తుపెట్టుకోమంటాను. తక్కువ విద్యుత్తుతో నడిచే ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసిన ఈ3ఎస్ సెంటర్ దాన్ని మొదలుపెట్టింది. వేసవిలో బర్కిలీలోనే ఉంచి, ల్యాబ్ పనితో పాటు ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ గురించి కూడా సలహా ఇస్తారు.

అమెరికా ఇంధన శాఖ నడిపే కమ్యూనిటీ కాలేజ్ ఇంటర్న్‌షిప్స్, పొట్టిగా సీసీఐ, ఇంకొకటి. లారెన్స్ బర్కిలీ, ఆర్గాన్, బ్రూక్‌హేవెన్, ఓక్ రిడ్జ్ లాంటి జాతీయ ల్యాబుల్లో వేసవిలో పది వారాలు. పద్దెనిమిదేళ్లు నిండాలి, జీపీఏ 3.0 ఉండాలి. అంత పెద్ద ల్యాబులా అని జడిసి అప్లై చేయని పిల్లలే ఎక్కువ. వాళ్లు వెతుకుతున్నది మిమ్మల్నే.

పసడీనా సిటీ కాలేజీ కేంద్రంగా నడిచే మైక్రో నానో టెక్నాలజీ ఎడ్యుకేషన్ సెంటర్ కూడా కమ్యూనిటీ కాలేజీల కోసమే పనిచేస్తుంది. పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్లకు పెన్ స్టేట్ చాలా ఏళ్లుగా అక్కడి కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులను ఒక సెమిస్టర్ తన క్లీన్‌రూముకు పిలిచి నానోఫ్యాబ్రికేషన్ నేర్పుతోంది.

ప్రభుత్వ నిధులతో నడిచేవి కాబట్టి కొన్ని ఒక ఏడాది ఉండి ఇంకో ఏడాది ఉండవు. పాత పేజీ చూసి ఆశ పెట్టుకోకుండా, ఆ ఏడాది అప్లికేషన్లు తీసుకుంటున్నారో లేదో కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి కనుక్కోండి.

మా అమ్మాయి హెచ్‌-4 డిపెండెంట్ వీసాలో ఉంది. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసాలో ఉన్న అబ్బాయిల సంగతేంటి?

ఇది అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే ప్రశ్న, కాబట్టి దాచకుండా చెప్తాను. పైన చెప్పిన ఎన్‌ఎస్‌ఎఫ్ ఆర్‌ఈయూ, సీసీఐ రెండూ అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. ఎంత తెలివైన పిల్లలైనా ఈ నిబంధన మారదు.

హెచ్‌-4లో ఉన్న పిల్లలు చదువుకోవచ్చు, కానీ పనిచేయడానికి వీల్లేదు. హెచ్‌-4 ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) అర్హత ఉన్న కొందరు భార్యాభర్తలకే, పిల్లలకు రాదు. జీతం లేకుండా చేస్తే ఫరవాలేదు కదా అని కొందరు సలహా ఇస్తారు, అది వినకండి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా అది ఉద్యోగం కిందికే రావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. అయితే క్రెడిట్‌కి తీసుకునే ల్యాబ్ కోర్సు చదువే, ఉద్యోగం కాదు. కాలేజీలో సెమీకండక్టర్ ప్రాసెసింగ్ క్లాసు గానీ, ఇండిపెండెంట్ స్టడీ గానీ ఉంటే అందులో చేతులారా పనిచేయొచ్చు.

ఎఫ్‌-1 వాళ్లకు పూర్తి విద్యాసంవత్సరం గడిచాక, ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమైతే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) మీద కంపెనీల్లో చేయొచ్చు. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే అసోసియేట్ డిగ్రీ తర్వాత పన్నెండు నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) కూడా ఉంది. కానీ స్టెమ్ ఓపీటీ అనే 24 నెలల పొడిగింపు బ్యాచిలర్స్, ఆపై డిగ్రీలకే. ఈ ఒక్క ముక్క తెలియక లెక్కలు తప్పినవాళ్లున్నారు. ఏం చేసినా ముందు కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓతో, అంటే విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారితో, మాట్లాడండి.

జీపీఏ ఎంతుండాలి?

3.0 పైన ఉంటే అప్లై చేయండి. 4.0 లేదని ఆగొద్దు.

ఏ కోర్సులు అయ్యుండాలి?

కాలిక్యులస్ మొదటి రెండు భాగాలు, ఫిజిక్స్‌లో విద్యుత్తు, అయస్కాంతత్వం అయ్యుంటే బాగుంటుంది. సర్క్యూట్స్ క్లాసు అయ్యుంటే ఇంకా మంచిది. కెమిస్ట్రీని మాత్రం చిన్నచూపు చూడకండి. ఎలక్ట్రానిక్స్‌కి కెమిస్ట్రీ ఎందుకని అడిగే పిల్లలు క్లీన్‌రూములో మొదటి రోజే దాని విలువ తెలుసుకుంటారు.

ఎప్పుడు అప్లై చేయాలి?

వచ్చే వేసవికి ఇప్పటి చలికాలంలో. చాలావాటి గడువు జనవరి నుంచి మార్చి మధ్యలో పడుతుంది. సంక్రాంతికి అప్లికేషన్ సగమైనా రాసి ఉండాలని మా ఇంటికొచ్చే పిల్లలకు చెప్తుంటాను. మార్చిలో మేలుకొని అడిగేవాళ్లకు నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మే నెలలో కమ్యూనిటీ కాలేజీ అయిపోయింది, యూనివర్సిటీ ఇంకా మొదలవ్వలేదు, మధ్యలో ఉన్న వేసవికి తాను ఏ కాలేజీ విద్యార్థీ కాదు కదా అని వదిలేస్తారు. ఎన్‌ఎస్‌ఎఫ్ ఆర్‌ఈయూ నిబంధనల్లో ఇలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతున్న విద్యార్థులకు అవకాశం ఉంది. కాబట్టి మీకు రెండు వేసవులున్నాయి, ఒకటి కాదు.

అప్లికేషన్‌లో ఏం రాయాలి? రికమెండేషన్ లెటర్ ఎవరిని అడగాలి?

చిన్నప్పటి నుంచి టెక్నాలజీ అంటే ఆసక్తి అని మొదలుపెట్టొద్దు. అలాంటివి చదివేవాళ్లకు వందల్లో వస్తాయి. మీరు చేత్తో చేసింది ఏదో ఒకటి రాయండి. పాత రేడియో విప్పారా, ఆర్డ్వీనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో ఇంట్లో మొక్కలకు నీళ్లు పెట్టించారా, నాన్నగారి కారు ఆల్టర్నేటర్ మార్చారా, ఏదైనా సరే. అది ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయిందని అనుకున్నారు, ఆ అనుమానం నిజమో కాదో ఎలా తేల్చుకున్నారు, ఈ మూడూ రాస్తే చాలు. రాత్రి షిఫ్టులో పెట్రోలు బంకులో పనిచేస్తూ చదువుతుంటే అదీ రాయండి. దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. టైముకి వచ్చి, చెప్పిన పని చివరిదాకా చేసే మనిషని దాన్ని బట్టి తెలుస్తుంది.

లెటర్ విషయంలో మన పిల్లలకు మొహమాటం ఎక్కువ. సార్ ఏమనుకుంటారో, మేడమ్‌కి నేను గుర్తున్నానో లేదో అని చివరి వారం దాకా అడగరు. సెప్టెంబర్ నుంచే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. అడగడానికి డౌట్ లేకపోయినా, చేసిన ల్యాబ్ రిపోర్టు తీసుకెళ్లి ఇందులో బాగా లేనిదేంటో చెప్పండి అని అడగండి. నాలుగు సార్లు వెళ్తే మీ గురించి రాయడానికి ఆయనకు నాలుగు మాటలు ఉంటాయి. గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగడం మర్యాద.

అన్నిటికీ అప్లై చేశాను, ఎక్కడా రాలేదు. ఇప్పుడేం చేయను?

మొదటిసారి రాకపోవడం చాలా మామూలు, దాన్ని మీ తెలివితేటలకు తీర్పుగా తీసుకోకండి.

దగ్గర్లోని యూనివర్సిటీలో ఈ రంగంలో పనిచేసే ప్రొఫెసర్లకు ఒక్కొక్కరికి విడిగా మెయిల్ రాయండి. ఐదు వాక్యాలు మించొద్దు. వాళ్ల పని ఏది చదివారో, వారానికి ఎన్ని గంటలు రాగలరో చెప్పండి. ఇరవై మెయిళ్లకు ఒక జవాబు రావచ్చు, ఆ ఒక్కటీ చాలు.

ఈలోగా ఇంట్లో కూర్చుని నేర్చుకునేది బోలెడుంది. 2020లో గూగుల్, స్కైవాటర్ అనే చిప్ తయారీ కంపెనీ కలిసి 130 నానోమీటర్ల ప్రాసెస్‌కి సంబంధించిన డిజైన్ కిట్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చాయి. మ్యాజిక్, కేలేఅవుట్, ఎన్‌జీస్పైస్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే. వీటితో ఒక ఇన్వర్టర్ (ఇంట్లో కరెంటు పోతే వాడేది కాదు, 0ని 1గా, 1ని 0గా మార్చే చిన్న సర్క్యూట్) గీసి, సిమ్యులేట్ చేసి చూడండి. టైనీ టేపౌట్ అనే ప్రాజెక్టులో చాలామంది డిజైన్లను ఒకే చిప్ మీద కలిపి తయారు చేయిస్తారు, ఖర్చు అందరూ పంచుకుంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1970ల చివర్లోనే అమెరికా విద్యార్థులు తమ సొంత చిప్‌లు చేతిలోకి తీసుకున్నది ఇలా పంచుకునే, 1981లో మొదలైన మోసిస్ అనే సర్వీసు నడిచిందీ అలాగే. తను గీసిన సర్క్యూట్ ప్యాకెట్‌లో ఇంటికొచ్చిన విద్యార్థికి వచ్చే ఏడాది అప్లికేషన్‌లో ఏం రాయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

యాసిడ్లతో పని అంటున్నారు. పిల్లల ప్రాణానికి ఏమీ కాదు కదా?

తల్లిదండ్రులు ఇలా అడగడం న్యాయమే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ నిజంగా ప్రమాదకరమైనది. గాఢత తక్కువగా ఉంటే చర్మం మీద పడినా వెంటనే మంట పుట్టదు, అదే దానితో వచ్చే చిక్కు. లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకే అది వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో ఉంచుతారు. డెవలపర్‌లో ఉండే టీఎంఏహెచ్ అనే రసాయనం నీళ్లలా కనిపిస్తుంది, అదీ విషమే.

కానీ మంచి ల్యాబుల్లో కొత్తవాళ్లను వీటి దగ్గరికి ఊరికే పంపరు. ముందు భద్రత శిక్షణ, పరీక్ష, తర్వాత పక్కన ఒకరు నిలబడి చూస్తుండగా చేయడం. రెండు జతల గ్లవ్స్, ఏప్రన్, ముఖానికి షీల్డ్. ఒంటరిగా, అలసిపోయి ఉన్నప్పుడు యాసిడ్ పని ఒప్పుకోవద్దని మీ పిల్లలకు ఖచ్చితంగా చెప్పండి. ఈ రోజు నాకు ఒంట్లో బాగాలేదు, రేపు చేస్తాను అంటే ఏ మంచి మెంటరూ తప్పు పట్టడు.

క్లీన్‌రూములోకి బొట్టు పెట్టుకుని వెళ్లొచ్చా?

కుంకుమ, విభూతి, పౌడర్, మేకప్ ఏవీ వద్దు. ఇది మన ఆచారం మీద పెట్టిన నిబంధన కాదు, అందరికీ ఒకటే. క్లాస్ 100 గదిలో ఒక ఘనపు అడుగు గాలిలో అర మైక్రాన్, అంతకు పైబడిన రేణువులు వంద మించకూడదు. కుంకుమ చిటికెడు రాలితే ఎన్ని రేణువులో ఊహించండి. చెమటలోని ఉప్పు కూడా శత్రువే. సోడియం అయాన్లు గేట్ ఆక్సైడ్‌లో, అంటే ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేసే గేట్ కింద ఉండే పలచని పొరలో, చేరి ట్రాన్సిస్టర్ ఎంత వోల్టేజీకి ఆన్ అవ్వాలో ఆ లెక్కనే మార్చేస్తాయి. 1960లలో మాస్ (ఎంఓఎస్) రకం ట్రాన్సిస్టర్లు నిలకడగా పనిచేయకపోవడానికి పెద్ద కారణం అదే.

డ్రెస్ వేసుకునేదీ పైనుంచి కిందికి: ముందు జుట్టుకు నెట్, తర్వాత హుడ్, ఒళ్లంతా కప్పే సూటు, బూట్లు. గ్లవ్స్ సూటు చేతుల మీదికి లాగాలి. జడ పొడుగ్గా ఉన్న అమ్మాయిలు ముడి గట్టిగా చుట్టుకుని వెళ్తే హుడ్ సరిగ్గా కూర్చుంటుంది.

వేఫర్ పగలగొడితే పంపించేస్తారా?

పగలగొట్టినందుకు పంపించరు. దాచిపెడితే నమ్మకం పోతుంది. ఒకసారి ఒక అమ్మాయి ఆరు వారాల పని ఉన్న వేఫర్‌ని ట్వీజర్లు జారి నేల మీద పడేసింది. రెండు ముక్కలైంది. ఏడుస్తూనే నోట్‌బుక్‌లో టైముతో సహా ఎలా జారిందో రాసి, మెంటర్‌కి ఫోన్ చేసింది. ఆ ముక్కల్లో పెద్దదాని మీద మిగిలిన ట్రాన్సిస్టర్లను కొలిచి, వేసవి చివర పోస్టర్ దాంతోనే పెట్టింది. ఆ పేజీ చూశాకే ఆ అమ్మాయికి లెటర్ రాస్తానని మెంటర్ అన్నాడు.

ఫ్యాబ్‌లో, అంటే చిప్ ఫ్యాక్టరీలో, టెక్నీషియన్ ఇంటర్న్‌షిప్ వస్తే తీసుకోవచ్చా? ఇంజినీర్ అవ్వాలనుకుంటున్నాను.

తీసుకోండి. 2022 ఆగస్టులో, దేశంలో చిప్‌ల తయారీకి ప్రభుత్వ సాయమిచ్చే చిప్స్ అండ్ సైన్స్ చట్టం వచ్చింది; అరిజోనా, ఒహాయో, న్యూయార్క్, టెక్సస్‌లలో చేపట్టిన ఫ్యాక్టరీలకు టెక్నీషియన్లు చాలామంది కావాలి. ఫీనిక్స్ చుట్టుపక్కల మారికోపా కాలేజీలు పది రోజుల, నలభై గంటల క్విక్ స్టార్ట్ కోర్సు పెట్టాయి. ఆరెగాన్‌లో ఇంటెల్ ఫ్యాక్టరీలకు దగ్గరున్న పోర్ట్‌లాండ్ కమ్యూనిటీ కాలేజీలో మైక్రోఎలక్ట్రానిక్స్ టెక్నాలజీ అని పూర్తి కోర్సే ఉంది.

ఫ్యాబ్ పగలూ రాత్రీ నడుస్తుంది, పన్నెండు గంటల షిఫ్టులు ఎక్కువ. వారంలో మూడు, నాలుగు రోజులే పని కాబట్టి మిగతా రోజుల్లో చదువుకునేవాళ్లున్నారు. ఒంటికి కష్టమే, అది ముందే తెలుసుకుని వెళ్లండి. కానీ వ్యాక్యూమ్ పంపు ఎందుకు లీకవుతోందో వెతికి పట్టుకున్న అనుభవంతో ఇంజినీర్ అయిన మనిషి, ఆ పంపుని బొమ్మలోనే చూసిన ఇంజినీర్ కంటే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇండియాలో చదువుతున్న మా తమ్ముడికి ఇలాంటిది ఏమైనా ఉందా?

ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేల్లో మొదలైన ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం కింద బయటి కాలేజీల వాళ్లకు కూడా క్లీన్‌రూము శిక్షణ ఇస్తారు. పొట్టిగా ఐఎన్‌యూపీ అంటారు. కాకినాడలో చదివినా కరీంనగర్‌లో చదివినా అప్లై చేయొచ్చు.

సెలెక్ట్ అయ్యాను! మొదటి రోజు ఏం తీసుకెళ్లాలి?

లోపలికి మామూలు కాగితం, పెన్సిల్, రబ్బరు రానివ్వరు. కాగితం పీచు రాలుస్తుంది, పెన్సిల్ గ్రాఫైట్ పొడి రాలుస్తుంది. పొడి రాలని ప్రత్యేక నోట్‌బుక్ వాళ్లే ఇస్తారు, బాల్‌పెన్‌తో రాయాలి. తప్పు రాస్తే చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయండి. కాళ్లు పూర్తిగా మూసే బూట్లు, ఫుల్ ప్యాంటు వేసుకోండి. సిగరెట్ అలవాటుంటే లోపలికి వెళ్లే ముందు వద్దు, ఊపిరిలోంచి కూడా రేణువులు వస్తాయి. బాత్రూముకి వెళ్లి, నీళ్లు తాగి, ఆ తర్వాతే సూటు వేసుకోండి. మళ్లీ విప్పి వేసుకోవాలంటే పావుగంట పోతుంది, ఈలోగా మీ వేఫర్ ఫర్నేస్‌లోంచి బయటికి వచ్చేస్తుంది.